ఊరి జనం నడక

2006 ఆగస్టు 18, శుక్రవారం. కుప్పం

ఈ డైరీ భవ్యది. ఎవరో ఏజెంటు ఇచ్చాడట. సగం ఏడాది దాటిపోయింది, ఇంక నాకెందుకే అని నా మంచం మీద పడేసింది. ఇద్దరం ఒకే గదిలో ఉంటాం, ఒకే ఆఫీసుకు పోతాం, పొద్దున్నే ఒకే ఇడ్లీ తింటాం. తనకు లేనిది నాకు రాయడానికి ఏముందో తెలియదు. అయినా రాస్తున్నాను.

రేపు పొద్దుటికి బిల్డ్, అంటే ఇప్పటిదాకా చేసిన ఆట మొత్తం, క్లయింటుకు పోవాలి. నిన్నటి నుంచి ఎవరూ సరిగ్గా ఇంటికి వెళ్ళలేదు. కిటికీలకు నల్ల కాగితం అంటించారు కాబట్టి లోపల ఎప్పుడూ ఒకటే పొద్దు. కుప్పుస్వామి సార్ నీలం చొక్కా పోయి తెల్ల చొక్కా వచ్చింది, దాన్నిబట్టి రోజు మారిందని తెలిసింది. ఆయన బెంగుళూరు మెయిన్ స్టూడియో నుంచి మా మీదికి వచ్చిన సార్. కోపం రాదు. వచ్చినా అరవడు. మన వెనక నిలబడి తెర వైపు చూస్తాడు, అంతే. ఆ చూపుకే మేము భోజనం మానేసి కూర్చుంటాం.

మధ్యాహ్నం పక్క సీటు లోకేష్ కుర్చీ ఇటు తిప్పి, "బిల్డ్ పోతానే నేను ఊరికి పోతాండా, బండి మీద. నిన్ను పుంగనూరులో దింపేస్తా, వస్తావా?" అన్నాడు. అతనిది కురబలకోట. ఎలాగూ పుంగనూరు మీదుగానే పోవాలి. అక్కడ దిగితే మా చౌడేపల్లె దగ్గరే.

"బస్సుంది లే" అన్నాను.

బస్సులో అయితే నిద్రపోవచ్చు. అందుకే.

ఆగస్టు 19, శనివారం. చౌడేపల్లె

ఇంటికి వచ్చి పడుకుని లేచేసరికి నాయన ఆవుల దగ్గర ఉన్నాడు. నన్ను చూడగానే మళ్ళీ అదే ప్రశ్న.

"అసలు నువ్వాడ చేసే పనేందమ్మా? మన ఊరి మునెయ్య అడిగితే టీవీలు రిపేరు చేస్తాదని చెప్పినా."

"టీవీలు కాదు నాయనా. వీడియో గేమ్. ఆ ఆటలో ఒక ఊరుంటాది, సముద్రం పక్కన, పాతకాలం ఊరు. ఆడేవాడు గుర్రమెక్కి ఆ ఊళ్ళోకి వస్తాడు, ఒక ద్రోహిని వెతుక్కుంటా. ఆ ఊరి సంతలో తిరిగే జనముంటారు సూడు, వాళ్ళని మేము కదిలిస్తాం."

"గుర్రమెక్కినోడు?"

"వాడ్ని వేరే దేశంలో చేస్తాండారు. మేము చూళ్ళేదు."

"ఆ సంతలో శానామందా?"

"శానామందే. కానీ నడక ఒకటే. ఒకరు నడిచిందే అందరికీ పెడతాం."

నాయన కాసేపు ఆలోచించి "పని మంచిదే" అన్నాడు. పాలక్యాను ఎత్తుకుని పోయాడు.

ఆ నడక ఎవరిదో చెప్పలేదు. లోకేష్‌ది. మేడ మీద తెల్ల టేపు అంటించి, దాని మీద అటూ ఇటూ నడిపించి, కెమెరాతో తీశాం. ఆ వీడియో చూసుకుంటూ అతనే కంప్యూటర్లో ఒక్కో అడుగూ పెట్టాడు. కొంచెం వెనక్కి వాలి నడుస్తాడు. తొందరేమీ లేనట్టు. చేపలమ్మేవాళ్ళూ పూజారులూ కాపలావాళ్ళూ అందరూ ఇప్పుడలాగే నడుస్తారు.

పలమనేరు దాటాక దారిలో ఏదో యాక్సిడెంట్ అయింది. బస్సును పక్కనుంచి నిదానంగా పంపించారు. అందరూ లేచి కిటికీల దగ్గరికి పోయారు. నేను కళ్ళు తెరవలేదు.

ఆగస్టు 21, సోమవారం. కుప్పం

భవ్య గేటు దగ్గరే చెప్పింది. శనివారం పొద్దున, పలమనేరు దాటాక, లోకేష్ బండికి లారీ. రెండు రోజులు కంటిమీద కునుకు లేకుండా బండెక్కాడు. ప్రాణానికి భయం లేదట. వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. ఎడమకాలు మోకాలి కింద తీసేశారు.

పక్కనుంచి పోయిన ఆ బస్సులోనే నేను ఉన్నాను.

ఆగస్టు 22

చేపలమ్మే ఆమెకు పెదాల కదలిక పెట్టాను. బేరమాడుతున్నట్టు. బాగా వచ్చింది.

ఆగస్టు 24

ఎవరో లోకేష్ కుర్చీ తీసుకుపోయారు. చేతులు సరిగ్గా ఉన్న కుర్చీలు తక్కువ, కాబట్టి తీసుకుపోతారు. సాయంత్రం వెతికి తెచ్చి పెట్టాను. ఖాళీగా ఉంటే గాలి బాగా తగులుతుంది, కానీ చూడ్డానికి వరస చెడినట్టు ఉంటుంది.

సెప్టెంబర్ 4, సోమవారం

బెంగుళూరు నుంచి హెచ్ఆర్ మేడం వచ్చింది. అందర్నీ కింద హాల్లో కూర్చోబెట్టారు. ఒకరి సంగతి గురించి కంపెనీ చాలా బాధపడుతోందని చెప్పింది. పేరు చెప్పలేదు. అది ఆఫీసు లోపల జరిగింది కాదు కాబట్టి కంపెనీ చేతుల్లో ఏమీ లేదని, పని అయ్యాక విశ్రాంతి తీసుకుని బయలుదేరడం మన బాధ్యత అని చెప్పింది.

భవ్య లేచి, "పని యాడ అయిపోయింది మేడం? అయిపోతే కదా పండుకునేది" అంది.

ఎవరూ నవ్వలేదు. మేడం రాసుకుంది.

తర్వాత ఆట పేరు అచ్చేసిన టీషర్టులు పంచారు. లోకేష్‌ది నా టేబుల్ మీద పెట్టి, వాళ్ళ ఊరివైపు ఎవరైనా పోతే ఇమ్మన్నారు.

సెప్టెంబర్ 14

క్లయింటు మెయిల్. ఊరంతా బాగుందట. కానీ జనం నడక మరీ నింపాదిగా ఉందట, పైగా ఎడమకాలు నేల మీద జారుతున్నట్టు కనిపిస్తోందట. మార్చమన్నారు.

కుప్పుస్వామి సార్ ఆ పని నాకిచ్చాడు. "రెండు మూడు రోజుల పని కదా" అన్నాడు. అంతే.

సెప్టెంబర్ 18

నడక ఇవాళ కుదరలేదు. గుర్రబ్బండి చక్రాలు చేశాను.

సెప్టెంబర్ 26

కుదరలేదు. కరెంటు పోయింది. జనరేటర్ ఉంది గానీ.

అక్టోబర్ 3

కుదరలేదు.

అక్టోబర్ 8, ఆదివారం. మదనపల్లె, భవ్య ఇల్లు

టీషర్టు ఇవ్వాలి కదా అని కురబలకోటకు పోయివచ్చాం. మదనపల్లె నుంచి ఆటో. ఊరి చివర ఇల్లు, పక్కన గొర్రెల దొడ్డి. లోకేష్ వాళ్ళమ్మ తిమ్మక్క బయట చేటలో ఏదో చెరుగుతోంది. భవ్యను చూసి గుర్తుపట్టింది. నన్ను చూసి, "నువ్వేనా పక్కన కూర్చునే అమ్మి?" అంది.

అవునన్నాను.

"రాండమ్మా. వాడు లోపలుండాడు. పొద్దస్తమానం గోడ చూస్తాంటాడు. నేను మాట్లాడితే కోపం. మాట్లాడకపోతే ఇంగా కోపం."

గోడకు ఆనుకుని మంచం మీద కూర్చున్నాడు. దుప్పటి కప్పుకుని. గడ్డం పెరిగింది. మమ్మల్ని చూసి దుప్పటి సర్దుకున్నాడు.

"ఎట్లుండావప్పా?" అంది భవ్య.

"ఉండా. మీరేమి ఇంత దూరం?"

టీషర్టు ఇచ్చాను. విప్పి చూసి, "రంగు బాలేదు" అని మడిచి పక్కన పెట్టాడు.

మజ్జిగ తాగాం. భవ్య ఆఫీసు కబుర్లన్నీ చెప్పింది, హెచ్ఆర్ మేడం ఎలా మాట్లాడిందో నటించి చూపించింది. లోకేష్ కొంచెం నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"సంత జనానికి నడక ఇంకా నాదేనా?"

"నీదే."

"ఎడమకాలు జారతాండాది చూసినావా? అప్పుడే సరిచేద్దామనుకుంటి, టైము లేకపాయె. క్లయింటు పట్టుకోలేదా?"

"లేదు" అన్నాను.

"పట్టుకుంటాడు" అన్నాడు. గోడ మీద ఒక ఈగ ఉంది. ముగ్గురం దాన్నే చూశాం.

వచ్చేటప్పుడు తిమ్మక్క ఆటో దాకా వచ్చింది. "కంపెనీవాళ్ళు మల్లా తీసుకుంటారా అమ్మా? చేతులు బాగుండాయి కదా. ఆ పని చేతుల్తోనే కదా చేసేది?"

"చేతుల్తోనే" అన్నాను.

అప్పుడే వాళ్ళ నాయన అంజినప్ప గొర్రెల్ని తోలుకుని వస్తున్నాడు. భుజాన కట్టె. కొంచెం వెనక్కి వాలి, తొందరేమీ లేనట్టు, గొర్రెలు ఎంత నిదానంగా పోతే అంత నిదానంగా.

ఆటో ఎక్కాం. పక్క సీటు వాళ్ళకు బాగాలేకపోతే ఎవరైనా పోయి చూస్తారు.

అక్టోబర్ 9

కుదరలేదు.

నవంబర్ 12, ఆదివారం. చౌడేపల్లె

పెళ్ళిచూపులు. ముందు చెప్తే రానని అమ్మ చెప్పలేదు. అబ్బాయి పేరు ముద్దుకృష్ణ, మదనపల్లెలో బ్యాంకు ఉద్యోగం. ముఖం ప్రశాంతంగా ఉంది. మాటకు ముందు గొంతు సవరించుకుంటాడు.

"గేమ్స్ కంపెనీ అంటే మీరూ ఆడతారా?" అని అడిగాడు.

"లేదండీ, టైముండదు."

అది జోకనుకుని నవ్వాడు. మంచివాడే.

వాళ్ళ మేనత్త సావిత్రమ్మ కాసేపు నన్నే చూసి, "అమ్మీ, ఆ లోపలికి పోయి కాసిన్ని నీళ్ళు తెచ్చియ్యవా" అంది. ఎదురుగా చెంబు నిండా నీళ్ళున్నాయి. నడక చూడాలి, అది తెలుస్తూనే ఉంది. లేచి నడిచాను. మడమ, పాదం, వేళ్ళు. లోపలికి పోయి వెనక్కి వచ్చాను. ఇన్నేళ్ళుగా నడకలు చూసే పని చేస్తూ ఎప్పుడూ అవతల వైపు లేను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వాళ్ళు జాతకం తీసుకుని పోయారు.

నవంబర్ 27, సోమవారం. కుప్పం

కుప్పుస్వామి సార్ గదికి పిలిచాడు.

"మాధవీ, ఆ జనం నడక ఏమాయె? క్లయింటు మల్లా అడగతాండాడు."

"చేస్తాండాను సార్."

"ఫైలు చూసినా. నువ్వు తెరవనే లేదు."

ఆయన కూర్చోమన్నాడు. నేను కూర్చున్నాక ఇంకో మాట మొదలుపెట్టాడు.

"లోకేష్‌ను తీసేద్దామంటాండారు బెంగుళూరువాళ్ళు. ఆనిమేటరంటే లేచి నటించి చూపించాల, నడవాల, దుమకాల. ఈ బిల్డింగులో లిఫ్టు గూడా లేదు. నీ అభిప్రాయమేంది అని నన్నడిగినారు. నేను నిన్నడగతాండా. నీ పక్క సీటు కదా."

"సార్, ఆ నడక మార్చేది లోకేష్‌కు తప్ప రాదు సార్."

"నీకొస్తాది."

"రాదు సార్."

"బండి గుర్రాన్ని నడిపించినావు నువ్వు. నాలుగు కాళ్ళు. రెండు కాళ్ళ మనిషి నీకు రాదా?"

"రాదు సార్."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"సూడమ్మా. ఈ మాట నేను వాళ్ళకు చెప్పాలంటే ఊరికే చెప్పలేను. మాధవీలతకు ఇచ్చినాం, ఆమెతో కాలేదు అని రాయాల. నిన్ను టీమ్‌కు లీడ్ చెయ్యమని నేను పంపిన కాగితం అక్కడ్నే ఉండాది. అది వెనక్కొస్తాది. తెల్సునా?"

"తెల్సు సార్."

"మల్లా ఎప్పుడొస్తాదో నేను చెప్పలేను."

"రాయండి సార్."

"యాల ఇట్లా?" అన్నాడు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది.

"నాకు రాదు సార్, అంతే."

బయటికి వచ్చి సీట్లో కూర్చున్నాను. పూజారికి దగ్గు పెట్టాలి. పెట్టాను. నిజంగానే నాకు ఆ నడక రాదేమో. ఎప్పుడూ ప్రయత్నం చేయలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేను.

డిసెంబర్ 4

బెంగుళూరు ఒప్పుకుంది. ఈ ఒక్క పనికి రమ్మన్నారు. ఆ తర్వాత చూద్దామన్నారు. భవ్య ఎగిరి గంతేసింది. ఆఫీసు పక్క వీధిలో మెట్లు లేని గది వెతకడానికి పోయింది. నేను పోలేదు, పనుంది.

డిసెంబర్ 11, సోమవారం

వచ్చాడు. వాళ్ళ నాయనతో, చంకకర్రలతో. మా ఆఫీసు రెండో అంతస్తు. వాచ్‌మెన్లు కుర్చీ తెచ్చి, "కూసోప్పా, ఎత్తుకుపోతాం" అన్నారు.

"వద్దన్నా" అని కర్రలు వాళ్ళ నాయన చేతికిచ్చాడు. మొదటి మెట్టు మీద వెనక్కి తిరిగి కూర్చున్నాడు. రెండు చేతులూ పై మెట్టు మీద ఆనించి, కుడికాలితో తన్ని, ఒళ్ళు పైకి లాక్కున్నాడు. తర్వాత ఇంకో మెట్టు. ఆఫీసంతా తలుపు దగ్గరికి వచ్చి, చూడకూడదని మళ్ళీ లోపలికి పోయింది. నేను పైన నిలబడ్డాను. ఎవరైనా నిలబడాలి కదా. అంజినప్ప కర్రలు రెండూ గుండెకు పట్టుకుని, కొడుకు ఎదురుగా ఒక్కో మెట్టూ ఎక్కి వస్తున్నాడు. కొడుకు ఆగితే ఆయనా ఆగుతున్నాడు. చెయ్యి చాపలేదు.

పైకి వచ్చేసరికి లోకేష్ చొక్కా తడిసిపోయింది. "ఈడ లిఫ్టు పెట్టండని ఎప్పుడో చెప్తి. అప్పుడు సిగరెట్టుకు దిగేదానికి" అన్నాడు.

కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచాడు. తెర మీద సంత నిండా జనం నడుస్తున్నారు.

"క్లయింటు పట్టుకున్నాడా?"

"పట్టుకున్నాడు."

"ఎప్పుడు?"

"సెప్టెంబర్లో."

"మా ఇంటికొచ్చినప్పుడు లేదంటివే."

"అన్నాను."

"మరి ఇన్నాళ్ళూ యాల మార్చలేదు?"

"టైము లేదు."

నా వైపు చూశాడు. నేను మౌస్ తీగ సరిచేశాను. అతను మళ్ళీ తెర వైపు తిరిగి, "శానా చెడ్డగుండాది ఇది. ఎవురు చేసినారో" అన్నాడు. నడక తీసేశాడు.

నడక తీసేస్తే జనం రెండు చేతులూ పక్కలకు చాపి కొయ్యబారిపోతారు. అది మామూలే, రోజూ చూసేదే. సంత మొత్తం అలా నిలబడిపోయింది. చేపలమ్మే ఆమె, పూజారి, కాపలావాళ్ళు, అందరూ చేతులు చాపి. లోకేష్ వాళ్ళని కాసేపు చూశాడు. "ఇప్పుడు నడిచేవాళ్ళు కావాల" అన్నాడు.

డిసెంబర్ 14, గురువారం

వరండాలో తెల్ల టేపు అంటించాం. మేడ మీదికి ఇంకో వరస మెట్లు, అవి వద్దనుకున్నాం. కెమెరా లోకేష్ ఒళ్ళో ఉంది. మా టీమ్‌లోనే ఉన్న గణేష్‌ను నడిపించి చూశాడు, భవ్యను నడిపించి చూశాడు. గణేష్ సినిమాలో మాదిరి నడిచాడు. భవ్యకు నవ్వు ఆగలేదు.

"నువ్వు నడు" అన్నాడు నాతో.

"నాకు రాదు."

"రానిదే కావాల. ఊళ్ళోవాళ్ళకు నడక వచ్చా?"

నడిచాను. "చేతులు బిగబట్టినావు" అన్నాడు. మళ్ళీ నడిచాను. "కెమెరా వైపు చూడద్దు." మళ్ళీ. మిగతావాళ్ళు టీ తాగడానికి పోయారు.

"ఈ మధ్య నన్ను నడిపించి చూసేవాళ్ళు ఎక్కువైనారు" అన్నాను.

"ఎవురు?"

"పెళ్ళివాళ్ళు. పోయిన నెల."

కెమెరా కిందికి దించాడు. దాని మూత వెతికి పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"పాసా?"

"పాసేనంట."

"అబ్బాయి?"

"బ్యాంకు. మదనపల్లె."

"మంచిదే." మళ్ళీ కెమెరా ఎత్తాడు. "ఈ కొస నుంచి ఆ కొసకు పో. ఏమీ ఆలోచించద్దు. ఇంటికి పోతాండావనుకో."

పోయాను. ఆ కొస దాకా పోయి వెనక్కి తిరగబోతే తిరగలేకపోయాను. కళ్ళనిండా నీళ్ళు, ఎందుకో తెలియదు. గోడ వైపు నిలబడ్డాను. వరండాలో దుమ్ము ఎక్కువ, ఊడ్చేవాళ్ళు వారానికి ఒకసారే వస్తారు.

"అయిపోయిందిలే. దొరికింది" అన్నాడు వెనకనుంచి. పిలవలేదు. నేను ముఖం తుడుచుకుని వచ్చేదాకా కెమెరాలోకే చూస్తూ కూర్చున్నాడు.

డిసెంబర్ 15

రాయడానికి ఏమీ లేదు.

డిసెంబర్ 29

క్లయింటు మెయిల్: ఓకే.

ఊరంతా నాలాగే నడుస్తోంది. భవ్య చూసి, "ఏమే ఇది, అందరూ బస్సు తప్పిపోతాదన్నట్టు పోతాండారు" అంది. కుప్పుస్వామి సార్ వెనక నిలబడి చాలాసేపు చూశాడు. లోకేష్ భుజం మీద చెయ్యి వేశాడు. నా వైపు ఒకసారి చూసి గదికి పోయాడు.

2007 జనవరి 8, సోమవారం

గణేష్ లీడ్ అయ్యాడు. మైసూరుపాకు పంచాడు. మంచి పనిమంతుడు, అందులో అనుమానం లేదు.

జనవరి 10

లోకేష్‌కు ఎవరో చెప్పారు. సార్ అయి ఉంటాడు. అందరూ భోజనానికి దిగిపోయాక కుర్చీ నా వైపు తిప్పాడు.

"ఆ లీడ్ నీకు రావాల్సింది కదా?"

"ఎవురన్నారు?"

"నడక రాదని చెప్పినావంట. గుర్రాన్ని నడిపించినదానివి."

"గుర్రం వేరే."

"నా కోసరం నువ్వు మునగాల్సిన పనేముండాది? నేనడిగినానా నిన్ను?" గొంతు పెరిగింది. ఇంతకుముందు ఎప్పుడూ అతని గొంతు పెరగలేదు. "నన్ను మెట్ల మీద చూసి అందరూ లోపలికి పోయిరి చూడు, అది గూడా ఇంత నొప్పి లేదు. నీకు జాలైతే వచ్చి మజ్జిగ తాగి పో. నా ఉద్యోగం నేను అడుక్కుంటా."

"జాలి కాదు."

"మరేంది?"

నేను బల్ల మీది డబ్బా ముందుకు లాక్కున్నాను. కర్రలు తీసుకుని వరండాలోకి పోయాడు. నేను అన్నం డబ్బా తెరిచి తిన్నాను. పూర్తిగా తిన్నాను.

జనవరి 17

మాట్లాడటం లేదు. పని విషయాలు మెయిల్లో పెడుతున్నాడు. పక్క సీటుకు మెయిల్.

జనవరి 25

"పిన్ను ఉందా?" అని అడిగాడు. ఇచ్చాను.

జనవరి 31

ఆట వెళ్ళిపోయింది. మా భాగం అంతా అప్పగించేశాం. కేకు కోశారు. పెద్ద తెర మీద ఆట ఆడి చూపించారు, మేము మొదటిసారి మొత్తంగా చూశాం. గుర్రం మీద వచ్చేవాడు చివరికి కనిపించాడు. సంతలోకి దూసుకొచ్చాడు. జనం పక్కకు తప్పుకున్నారు. ఎంతసేపని, ఒక్క నిమిషం ఉంటుందేమో. వాడు జనం వైపు చూడనైనా చూడలేదు. మేము మాత్రం జనాన్నే చూశాం. ప్రతి ఒక్కరూ తను చేసిన మనిషి రాగానే "అదో, అదో" అన్నారు. తర్వాత కేకు అయిపోయింది.

వచ్చేది కార్ల పందెం ఆట. అందులో మనుషులు లేరు. లోకేష్‌ను ఉంచుకుంటున్నారు. ఈసారి సార్ ఎవర్నీ అడగలేదు, తనే సంతకం చేశాడు.

ఇంటి దగ్గర్నుంచి ఫోన్. జాతకాలు కలిశాయట. ఆట అయిపోనీ అని ఇన్నాళ్ళూ చెప్పాను. ఆట అయిపోయింది.

ఫిబ్రవరి 19, సోమవారం

లోకేష్ వేలూరు నుంచి కృత్రిమ కాలు పెట్టించుకుని వచ్చాడు. బస్టాండు నుంచి నడిచి వచ్చాడు, ఒక్క కర్రతో. నేను గేటు దగ్గర ఉన్నాను. వీధి మలుపు నుంచి గేటు దాకా అతను నడిచినంతసేపూ చూశాను. ఇంకోవైపు చూడాలని తోచలేదు.

దగ్గరికి వచ్చి ఆగాడు. రొప్పుతున్నాడు.

"ఎట్లుండాది?"

"బరువంతా కుడివైపే వేస్తాండావు. ఎడమ మడమ పూర్తిగా ఆనకముందే లేపేస్తాండావు."

"ఇంగా?"

"కుడి భుజం పైకి పోతాండాది. తల కిందికి పెట్టినావు."

"తల కిందికి పెట్టకపోతే పడతా."

"ఇప్పుడు సరే. తర్వాత తీసెయ్యాల."

నన్నే చూస్తూ నవ్వాడు. గడ్డం తీసేశాడు ఇవాళ. "అందరూ బాగుండాది, బాగుండాది అంటాండారు. అంటే ఇంత చెడ్డగుండాదా?"

"చెడ్డగుండాది" అన్నాను.

"సరే. కొంచెం పక్కన నడు. నీ స్పీడు తగ్గించుకో."

మెట్ల దాకా పోయాం. వాచ్‌మెన్ ఎండలో ఏం నిలబడతారు, లోపలికి పోండి అనేదాకా అక్కడే మాట్లాడుతూ నిలబడ్డామని తర్వాత తెలిసింది. ఏం మాట్లాడామో గుర్తులేదు. కార్ల చక్రాల గురించి అనుకుంటాను.

మార్చి 4, ఆదివారం. చౌడేపల్లె

పొద్దున నాయన ఆవు దగ్గర కూర్చుని ఉండగా పోయి దూడను పట్టుకున్నాను.

"ముద్దుకృష్ణవాళ్ళు ముహూర్తం అడగతాండారు" అన్నాడు.

"ఆ సంబంధం వద్దు నాయనా."

పాలు పిండడం ఆపలేదు. "యాల? బుద్ధిమంతుడు మాదిరుండాడు."

"బుద్ధిమంతుడే."

"మరి?"

"కురబలకోటలో ఒకరుండారు. మా ఆఫీసులోనే."

చేతులు ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"ఎవురోళ్ళు?"

"గొర్రెలు పెట్టుకుని ఉండారు. వాళ్ళ నాయన పేరు అంజినప్ప."

చాలాసేపు చెంబులో పాలు పడే చప్పుడే. పొలమున్న ఇంటి నుంచి గొర్రెల దొడ్డి ఇంటికి. నాయనకు అది చెప్పాల్సిన పనిలేదు. ఊళ్ళో ఎవరు ఏమంటారో, మునెయ్య ఏమంటాడో, అన్నీ వరసగా ఆయన వీపు మీద కనిపిస్తున్నాయి.

"కాలు పోయిందని చెప్తివే ఒకసారి, ఆ అబ్బాయా?"

నేను చెప్పానని నాకు గుర్తులేదు. "అవును."

"నడుస్తాడా?"

"నడుస్తాండాడు. ఇంగా బాగా రాలేదు."

"వాళ్ళింట్లో ఏమంటారు?"

"తెలీదు."

"ఆయప్ప నిన్నడిగినాడా?"

"లేదు."

"నువ్వడిగినావా?"

"లేదు."

నాయన చెంబు కింద పెట్టి, ఈసారి పూర్తిగా నా వైపు తిరిగాడు. కోపమో, ఇంకేమో, నాకు అర్థం కాలేదు. "మరి ఎవురూ ఎవుర్నీ అడక్కుండా వచ్చి నాకు చెప్తాండావా?"

"ముందు నీకు చెప్తామని."

"నేను సరే అన్లేదు. సూడు, నేను సరే అన్లేదు" అన్నాడు. లేచాడు. క్యాను మూత బిగించి, రెండడుగులు వేసి ఆగాడు. "మీ అమ్మకు ఇప్పుడే చెప్పద్దు. ముందు ఆయప్ప ఏమంటాడో కనుక్కో. వద్దంటే ఈ గొడవే లేదు కదా."

పాలు పోయడానికి పోయాడు. నేను దూడను విడిచిపెట్టాను.

వద్దంటాడేమో. జాలి అంటాడేమో. అప్పుడు జాలి కాదని చెప్పాలి, మరేంది అంటే ఏంటో కూడా చెప్పాలి. ఈసారి అన్నం డబ్బా తెరవకూడదు.

రేపు పొద్దున మొదటి బస్సుకు పోయి అడగాలి.